చెక్కు బౌన్స్ అయింది, స్టేషన్ నుంచి 420 కేసు అని ఫోన్ చేశారు, ఏం చేయాలి?

బ్రాడీపేట_4వ_లైను:
అన్నలూ కొంచెం అర్జెంట్. మా బావగారికి గుంటూరులో చిన్న రెడీమేడ్ షాపు ఉంది, సరుకంతా విజయవాడ వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ ఆయన దగ్గర అరువుకి తెస్తాడు, ఏళ్ళ నుంచీ ఇదే పద్ధతి. పోయిన దసరా సరుకుకి 3,80,000 అంకె వేసి సంతకం పెట్టి డేటు మాత్రం వేయకుండా చెక్కు ఇచ్చాడు, గ్యారంటీగా మీ దగ్గర ఉంచుకోండి అని. తర్వాత ఫోన్‌పేలో విడతలవారీగా 1,25,000 దాకా కట్టాడు, ఆ పైన వ్యాపారం దెబ్బతిని ఆగిపోయాడు. ఇప్పుడు వాళ్ళు డేటు వేసుకుని మొత్తం 3,80,000 కీ బ్యాంకులో వేస్తే ఎకౌంట్లో డబ్బుల్లేక తిరిగొచ్చింది. మంగళవారం లాయర్ నోటీసు వచ్చింది, 15 రోజుల్లో కట్టమని. నిన్న విజయవాడ నుంచి ఎవరో పోలీసాయన ఫోన్ చేసి, నీ మీద చీటింగ్ కంప్లయింట్ వచ్చింది వచ్చి సెటిల్ చేసుకో, లేకపోతే 420 కట్టి లోపలేస్తాం అన్నాడంట. మా అక్క అప్పట్నుంచీ అన్నం ముట్టట్లేదు, బావేమో ఫోన్ స్విచాఫ్ చేసి కూర్చున్నాడు. నిజంగా అరెస్ట్ చేస్తారా? బావకి ఎకౌంటు గుంటూరులో ఉంది కదా, మరి విజయవాడ పోలీసులకేం సంబంధం?

బెజవాడ_బుల్లోడు:
ఇందులో కంగారేముంది బ్రో, చెక్కు బుక్కు పోయిందని బ్యాంకులో ఒక లెటర్ పడేసి స్టాప్ పేమెంట్ పెట్టేయండి. నోటీసు అసలు తీసుకోకుండా ఉండాల్సింది, డోర్ లాక్ అని తిరిగిపోయేది, కేసే ఉండేది కాదు.

వకీలు_గుమస్తా:
దయచేసి పైనాయన మాట వినకండి. బౌన్సయిన చెక్కుకి ఇప్పుడు స్టాప్ పేమెంట్ ఏంటి, ముందే పెట్టినా చెక్కు బౌన్స్ కేసు, అంటే 138 సెక్షన్, తప్పదు. పోకుండానే చెక్కు పోయిందని రాసిస్తే అది కొత్త తంటా. కరెక్ట్ అడ్రసుకి పంపిన నోటీసు కావాలని తీసుకోకపోయినా అందినట్టే లెక్క.

ఇక్కడ రెండు వేరు వేరు గొడవలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీయండి. చెక్కు కేసు అంటే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138. దీంట్లో పోలీసుల పాత్ర లేదు, ఎఫ్ఐఆర్ ఉండదు, డబ్బు రావాల్సినోడే కోర్టులో కంప్లయింట్ వేసుకోవాలి. నోటీసు అందిన రోజు నుంచి 15 రోజులు టైం, అది దాటితే తర్వాత నెలలోపు వాళ్ళు కోర్టుకెళ్ళాలి. శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల దాకా ఫైను, లేదా రెండూ. బెయిలబుల్ కాబట్టి బెయిల్‌కి భయం లేదు. అసలు జనం లోపలికెళ్ళేది సమన్లు వచ్చినా వాయిదాకి పోకుండా ఉంటే, అప్పుడు నాన్‌బెయిలబుల్ వారంట్ వస్తది. కాబట్టి మీ బావగారిని ముందు ఫోన్ ఆన్ చేయమనండి. కోర్టు మాత్రం విజయవాడే, 2015 సవరణ తర్వాత చెక్కు జమకి వేసినోడి బ్యాంకు బ్రాంచి ఎక్కడుంటే అక్కడే. వారధి మీద ట్రాఫిక్‌లో వాయిదాలకి తిరగటానికి సిద్ధపడండి.

ఇంక 420. అది పాత ఐపీసీలో చీటింగ్ సెక్షన్, ఇప్పుడు దాని బదులొచ్చిన బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత)లో 318(4), 2024 జులై 1 నుంచి, ఏడేళ్ళ దాకా శిక్ష. చెక్కు తిరిగొచ్చినంత మాత్రాన చీటింగ్ అయిపోదు, సరుకు తీసుకునేటప్పుడే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. ఏళ్ళ తరబడి కొని, కట్టి, ఈ బాకీలో కూడా లక్ష పైన కట్టినోడి మీద అది నిలబడటం కష్టం. ఏడేళ్ళ దాకా ఉండే శిక్షలకి మామూలుగా ముందు బీఎన్ఎస్ఎస్ (అరెస్టు, విచారణ పద్ధతుల చట్టం) 35(3) కింద రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి పిలవాలి. ఫోన్‌లో బెదిరిస్తే వకీలుని వెంటబెట్టుకుని వెళ్ళండి, నోటీసు కాగితం అడగండి, అక్కడ కూర్చోబెట్టి కొత్త చెక్కులు ప్రామిసరీ నోట్లు రాయమంటే మాత్రం రాయొద్దు.

వన్‌టౌన్_వ్యాపారి:
అందరూ అప్పు తీసుకున్నోడి వైపే మాట్లాడుతున్నారు. సరుకు ఇచ్చి నెలల తరబడి గుంటూరు చుట్టూ తిరిగే మా బాధ ఎవరికీ పట్టదు, జీఎస్టీ మేం ముందే కట్టేశాం, మిల్లు వాళ్ళు మా కోసం ఆగరు. పోలీసు ఫోన్ చేయించటం తప్పే, నేను కాదనను, కానీ కోర్టులో ఏళ్ళు పడతన్నాయి కాబట్టే జనం స్టేషన్ దారి పడతన్నారు. సర్లే, మీ బావగారిని ఒకటి అడగండి. సంక్రాంతికి మళ్ళీ సరుకు తీసుకున్నాడా? తీసుకుంటే మీరు చెప్పే ఆ 1,25,000 దేనికి జమ అయిందో వాళ్ళ ఖాతాలో చూడాల. మా దగ్గర చాలామంది ఇట్టాగే, కొత్త సరుకుకి డబ్బు కట్టి పాత చెక్కు తీరిపోయిందంటారు.

బ్రాడీపేట_4వ_లైను:
బావతో మాట్లాడా. వ్యాపారి గారు చెప్పింది నిజమే, సంక్రాంతికి 60,000 సరుకు తెచ్చాడంట, ఆ సంగతి మాకు చెప్పలా. ఫోన్‌పే హిస్టరీ మొత్తం స్క్రీన్‌షాట్లు తీయించా. సంక్రాంతికి ముందు 40,000 ఒకటి పడింది, దాని మెసేజ్‌లో దసరా బాకీ అని కొట్టాడు. తర్వాత పంపిన వాటిలో ఏమీ రాయలా, ఒకదాంట్లో మాత్రం చెయ్యి గుర్తు ఇమోజీ ఉంది.

వకీలు_గుమస్తా:
ఆ 40,000 మెసేజ్ బంగారం, జాగ్రత్త చేయండి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోనే ఉంది, ఫలానా బాకీకి అని చెప్పి కడితే దానికే జమ చేసుకోవాలి, చెప్పకపోతే ఏ బాకీకి జమ చేసుకుంటాడో అప్పిచ్చినోడి ఇష్టం, 59, 60 సెక్షన్లు. అంటే మిగతా 85,000 లో 60,000 సంక్రాంతికి జమ చేశామని వాళ్ళు అనొచ్చు. అననివ్వండి. చెక్కు ఇచ్చాక కొంత కడితే, కట్టినంత ఆ చెక్కు మీద రాసి మిగతాదానికే బ్యాంకులో వేయాలి. అలా చేయకుండా మొత్తానికి వేస్తే, ఆ రోజుకి అంత బాకీ లేదు కాబట్టి 138 నేరం కాదని సుప్రీంకోర్టు 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో చెప్పింది. దసరాకి ఒక్క 40,000 పడిందని తేలినా చెక్కు మీద అంకె నిజం బాకీ కంటే ఎక్కువే.

అంత మాత్రాన బాకీ పోలేదు, సివిల్ దావా వేసుకోవచ్చు. సెక్యూరిటీ చెక్కు కదా చెల్లదులే అనే మాట కూడా నమ్మకండి, సంతకం నాదే అన్నాక బాకీ లేదని చూపించాల్సింది మీ బావగారే. కాబట్టి 15 రోజులు అయ్యేలోపు వకీలు చేత రిప్లై నోటీసు స్పీడ్ పోస్టులో పంపించండి, ఏ తేదీన ఎంత కట్టాడో అందులో రాయించండి, రసీదు దాచండి. వీలైతే ఒప్పుకున్న బాకీలో ఎంతో కొంత బ్యాంకు ద్వారానే కట్టండి, నగదు చేతికివ్వొద్దు. కేసు పడ్డాక కూడా రాజీకి ఎప్పుడైనా వెళ్ళొచ్చు, లోక్ అదాలత్‌లో ఇవి చాలా తెగుతాయి. లాగితే మాత్రం నేరం ఒప్పుకోనన్న ముద్దాయిని చెక్కు మొత్తంలో 20 శాతం దాకా ముందే కట్టమని కోర్టు అడగొచ్చు, 2018 నుంచి ఆ రూలు ఉంది.

వన్‌టౌన్_వ్యాపారి:
గుమస్తా గారు చెప్పింది న్యాయంగానే ఉంది. మీ బావగారిని నేరుగా షాపుకెళ్ళి సేట్ ముందు కూర్చుని ఖాతా ఇద్దరూ చూసుకోమనండి. నెలకింత అని కాగితం రాసుకుంటే సగం మంది ఒప్పుకుంటారు, ఫోన్ స్విచాఫ్ చేస్తేనే మాకు మండుద్ది.

వకీలు_గుమస్తా:
కాగితంలో చెక్కు వెనక్కి ఇచ్చే సంగతి రాయించుకోవటం మర్చిపోవద్దు. ఇంకోటి, ఇట్టాంటి డేటు లేని చెక్కులు ఇంకెవరి దగ్గరన్నా ఉన్నాయేమో ఇప్పుడే అడగండి.

బ్రాడీపేట_4వ_లైను:
రేపు పొద్దున్నే వకీలు దగ్గరికి తీసుకెళ్తున్నా, సాయంత్రం వన్ టౌన్ కూడా వెళ్తాం. చెక్కుల సంగతి అడిగా అన్నా. ఇంకో రెండు ఉన్నాయంట, ఒకటి చీటీలామె దగ్గర, రెండోది ఎవరికిచ్చాడో ఆయనకే గుర్తులేదంట.