ప్లేఫెయిర్ డిస్‌ప్లే పక్కన ఏ తెలుగు ఫాంట్ నప్పుతుంది?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా బావగారి డీటీపీ షాపులో శుభలేఖలు చేస్తుంటాను. ఇప్పుడొచ్చిన ఆర్డర్లో అబ్బాయివాళ్లు తెలుగు, అమ్మాయివాళ్లు ఒడియా. కార్డు మీద ఇంగ్లీషుతో కలిపి మూడు లిపులూ ఉండాలట.

ఇంగ్లీషు పేర్లకు ప్లేఫెయిర్ డిస్‌ప్లే అనే ఫాంట్ పెట్టాను. నిలువు గీత లావు, అడ్డగీత వెంట్రుకంత సన్నం. పెద్ద సైజులో భలే రాజసంగా ఉంది. ఆ ఉత్సాహంలో మండపం అడ్రసు కూడా అందులోనే 8 పాయింట్ల చిన్న సైజులో కొట్టేశాను. మెరూన్ అట్ట మీద బంగారు రంగు స్క్రీన్ ప్రింటింగ్. శాంపిల్ తీస్తే సన్న గీతలు ఎగిరిపోయి, ఇంగ్లీషు చిన్న ‘ఈ’ అక్షరం కాస్తా ‘సీ’ అయి కూర్చుంది! తప్పు నాదే, అది హెడ్డింగుల ఫాంట్.

అడ్రసు మార్చేస్తాను. అసలు టెన్షన్ మిగతా రెండు లిపులతోనే, ప్లేఫెయిర్‌లో అవి లేవు. గిడుగు ఫాంట్ పెట్టి చూశాను (గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది, ఆ అభిమానం!). పక్కన సాదాగా అనిపించింది. రామభద్ర అయితే పేర్లను అరిచి పిలుస్తున్నట్టుంది.

లావు, సన్నం తేడా బాగా తెలిసే తెలుగు యూనికోడ్ ఫాంట్ ఏదైనా వాడారా? దానికి జోడీగా ఒడియాలో ఏది పెట్టాలి? బంగారు ఇంకుకు గీత కనీసం ఎంత మందం ఉంచుతారు? బుధవారం స్క్రీన్ తయారు చేయాలి, కాస్త త్వరగా చెప్పండి.