చిన్న హోటల్ పేరు నలుగురికీ చెప్పాలా, మనలోనే ఉంచుకోవాలా?

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

మా బంధువుల మధ్య తెగని వాదన ఒకటి ఇక్కడ పెడుతున్నాను. మంచి భోజనం పెట్టే చిన్న మెస్సు గానీ, అసలు సరుకు అమ్మే మనిషి గానీ మనకు తెలిస్తే, ఫోటో తీసి, చోటు చూపించి, ఫోను నంబరుతో సహా అందరికీ చెప్పాలా? చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం. పక్కింటివారికి చెప్పండి, ఊరికి వచ్చిన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లండి. లోకమంతటికీ చాటవద్దు.

నాకు తెలిసిన ఒక మెస్సును భార్యాభర్తలిద్దరూ, ఆమె తమ్ముడూ నడుపుతారు. అంట్లకు ఒక పెద్దావిడ ఉంది. పొద్దున బజారులో ఏ కూరగాయ బాగుంటే ఆ రోజుకు అదే కూర. లేత వంకాయలు దొరికితే కొత్తిమీర కారం కూరిన గుత్తివంకాయ, లేకపోతే పాలు పోసి వండిన ఆనపకాయ. చింతపండు నానబెట్టి చేత్తో పిసికి చారు కాస్తారు. అన్నం అయిపోతే తలుపు మూసేస్తారు. అదే మెస్సుకు రేపు ఐదింతల జనం వస్తే ఏం జరుగుతుందో నేను చాలా చోట్ల చూశాను. చింతపండు బదులు డబ్బాలో గుజ్జు, రోటి పచ్చడి బదులు సీసా పచ్చడి, పొద్దున వండిన కూరకు మధ్యాహ్నం నీళ్లు. వండేవాళ్లు చెడ్డవాళ్లు కారు. రెండు చేతులతో అంతకన్నా చేయలేరు.

పులస సంగతి చూడండి. సముద్రంలో ఉన్నప్పుడు అది ఇలస. గోదావరికి ఎర్రనీరు వచ్చే వేళకు, జూలై నుంచి సెప్టెంబరు మధ్య, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతుంది. ఆ ఈతలో ఉప్పు వదిలి, రుచి మారి పులస అవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర దాని దారి ఆగిపోతుంది. ‘పుస్తెలు అమ్మైనా పులస తినాలి’ అనే మాట మా జిల్లాల్లో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ అది ఈ ఒడ్డున తినేవాళ్లు అనుకున్న మాట. ఇప్పుడు దేశమంతా అదే మాట అంటోంది. యానాంలో రెండు కిలోల చేప ఒక్కటి 20 వేల రూపాయలు దాటి వేలంలో పోయింది. ఆ ధర విన్నాక గుడ్లతో వచ్చే చేపను వదిలిపెట్టే వల ఉంటుందా? గిరాకీకి సరిపడా చేప లేదు కాబట్టి ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి ఐసు పెట్టెల్లో వచ్చిన ఇలసే పులస పేరుతో అమ్ముడుపోతోంది. పేరు ఎంత దూరం పాకిందో, అసలు చేప అంత దూరమైంది.

మిర్చియార్డు (గుంటూరు)

గౌతమీతీరం గారూ, మీ బాధ నిజమే. కానీ అది తినేవారి బాధ. వండి అమ్ముకునేవారికి పేరే పెట్టుబడి. వారికి పత్రికలో ప్రకటన ఇచ్చే స్తోమత ఉండదు, పెద్ద రోడ్డు మీద బోర్డు పెట్టే డబ్బు ఉండదు. తిన్నవాడు నోరు విప్పకపోతే వాళ్లు ఆ సందులోనే ఉండిపోతారు.

హైదరాబాదు మాదాపూర్‌లో రోడ్డు పక్కన భోజనం అమ్మే కుమారి ఆంటీ సంగతి అందరికీ తెలుసు. ఏళ్ల తరబడి వండి అమ్ముతున్నా పేరు వచ్చింది వీడియోల వల్లే. జనం పెరిగి ట్రాఫిక్ ఆగిపోతోందని 2024 జనవరి నెలాఖరులో పోలీసులు బండి తీయించారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జోక్యం చేసుకుని అక్కడే అమ్ముకోనివ్వమన్నారు. ఆ బండి తిరిగి నిలబడింది ఆ పేరు వల్లే. పేరులేని బండ్లను నగరంలో రోజూ తీసేస్తూనే ఉంటారు, వారి గురించి ఎవరూ ఒక్క మాట మాట్లాడరు.

ఆత్రేయపురం పూతరేకుల మాటేమిటి? బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క విసురుతో లాగితే రేకు. ఆ పని చేసేది ఇంటి ఆడవాళ్లు. రేకులు వాళ్లు ఊళ్లోనే దాచుకుని ఉంటే ఆ పని నేర్చుకునే కూతుళ్లు మిగిలేవారా? రావులపాలెం దగ్గర జాతీయ రహదారి మీద ఆగే ప్రతి బస్సూ, ప్రతి కారూ వాళ్ల సంపాదనే. ఆ పేరు ఆ ఊరి సరుకుకే చెందుతుందనే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా 2023లో వచ్చింది.

ఇక సరుకు విషయంలో దాపరికం వల్ల లాభపడేది దళారీ ఒక్కడే. మా మిర్చి యార్డులో రకాలు చూడండి, తేజ ఉంది, 334 ఉంది, 341 ఉంది, ఆర్మూరు ఉంది. తేజకు ఘాటు ఎక్కువ. రంగు కావాలంటే కర్ణాటక బ్యాడిగి గానీ, 2025లో అదే భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా గానీ కలుపుకుంటారు. ఇది తెలియని ఇల్లాలు దుకాణంలో ఎర్రగా కనిపించిన పొడి కొని, అది గుంటూరు కారమే అనుకుంటుంది. ఆ ఎరుపు కాయదో, కలిపిన రంగుదో ఆమెకు తెలిసే దారి లేదు. తొడిమతో ఉన్న ఎండుకాయ కొనండి, ఎండబెట్టి కళ్ల ముందు మర పట్టించుకోండి అని పది మందికీ చెబితేనే కల్తీ తగ్గుతుంది.

ఇర్వింగ్ ఇల్లాలు (టెక్సాస్)

ఇక్కడికి కొత్తగా వచ్చినప్పుడు గోంగూర ఎక్కడ దొరుకుతుందో నాకు ఎవరూ చెప్పలేదు. భారతీయ దుకాణంలో పచ్చికాడ గోంగూర ఉండేది, అందులో పులుపు తక్కువ. ఎర్రకాడ గోంగూర పెరట్లో పెంచి అమ్మే తెలుగువారు ఉన్నారని చాలా ఆలస్యంగా తెలిసింది. ఏ వాట్సాప్ గుంపులో ఉంటే ఆ సమాచారం, లేకపోతే లేదు. ఆ గుంపుల్లోకి పాతవాళ్లు, బంధువులు ఉన్నవాళ్లే వెళ్లగలరు. ‘మనలోనే ఉంచుకుందాం’ అన్నప్పుడు ఆ ‘మన’లో ఎవరు ఉంటారో కూడా ఆలోచించాలి. ఒంటరిగా వచ్చిన పిల్లలు అందులో ఉండరు.

పొయ్యిపక్కన (భీమవరం)

మాది హోటలే. నాన్న తర్వాత నేనూ అన్నయ్యా చూసుకుంటున్నాం. ఇంతవరకూ మాట్లాడినవారంతా మా మేలు కోరే మాట్లాడారు. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఒక వీడియో చేసే అబ్బాయి మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చాడు. అడగకుండా వంటింట్లోకి వచ్చి గరిటె ఎత్తి చూపించాడు. మంచి మాటలే చెప్పాడు. కానీ చెప్పిన ధర పాతది, ‘ఎంత తింటే అంత, చేపల పులుసు కూడా’ అన్నాడు. మా దగ్గర పులుసు ముక్కకు వేరే లెక్క. ఆ తర్వాత రోజు నుంచి ఫోను చూపించి దెబ్బలాడినవారే ఎక్కువ. మా చేపలు కొల్లేరు వైపు నుంచి ఒకే మనిషి తెస్తాడు. ఆయన రోజూ తెచ్చేది ఒక బుట్ట. జనం పెరిగాక ఆయన తేలేనన్నాడు, బయట కొన్నాం. ఆ చేపకు మట్టి వాసన వచ్చింది. అమ్మ ఆ పులుసు రుచి చూసి బల్ల మీదికి పంపనివ్వలేదు. అన్నయ్య పంపుదామన్నాడు. ఇంట్లో పెద్ద గొడవ జరిగింది.

అంతకన్నా బాధ పెట్టిన విషయం మరొకటి ఉంది. మాకు తిండి పెట్టింది రైసు మిల్లు హమాలీలు. బస్తాలు మోసి ఒంటిగంటకు వస్తారు, పది నిమిషాల్లో తిని లేవాలి. వాళ్లకు అన్నం ఎక్కువ, పప్పు ఎక్కువ, మజ్జిగ తప్పనిసరి. నెల జీతానికి లెక్క రాసుకుంటాం. వీడియో చూసి వచ్చిన కుటుంబాలు వరుస కట్టి నిలబడితే హమాలీలు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. కొందరు ఇక రాలేదు. ఇద్దరు వంటవాళ్లను పెట్టుకున్నాం, గిన్నెలు కొన్నాం, ఇంటి యజమాని అద్దె పెంచాడు. వర్షాకాలం వచ్చేసరికి జనం మరో హోటల్ వీడియో చూసి అటు వెళ్లారు. అప్పు మాకు మిగిలింది.

అయినా గౌతమీతీరం గారి మాటతో నేను ఏకీభవించలేను. మా నాన్న హోటల్ పెట్టిన కొత్తలో కాలేజీ మాస్టారు ఒకాయన తన విద్యార్థులందరికీ చెప్పకపోతే మేము మొదటి సంవత్సరమే మూసుకునేవాళ్లం. మా పేరు దాచవద్దు. మమ్మల్ని అడిగి చెప్పండి.

కందిచేను (తాండూరు)

సరుకు గురించి రైతు వైపు నుంచి ఒక మాట. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా నల్లరేగడిలో అటాపల్గైట్ అనే బంకమట్టి ఉంటుంది, పప్పు రుచికి అదే కారణమని చెబుతారు. త్వరగా ఉడుకుతుంది, వండిన పప్పు తొందరగా పాడుకాదు. ఈ మాట పాకిన తర్వాత ఎక్కడి పప్పు సంచి మీదైనా ‘తాండూరు’ అని అచ్చు వేస్తున్నారు. రంగు మెరవాలని నూనె పట్టించి, నున్నగా చేసి అమ్ముతారు. నేను యార్డులో అమ్మిన కందికి ఆ పేరు వల్ల నాకు పెద్దగా ఏమీ పెరగలేదు.

కాబట్టి ఊరి పేరు ఒక్కటే చెబితే లాభం వ్యాపారిది. చెప్పేటప్పుడు ఎవరు పండించారు, ఎక్కడ పప్పు చేశారు అనేది కూడా అడిగి చెప్పండి. అడవి తేనె, చింతపండు, అరకు కాఫీ అయితే గిరిజన సహకార సంస్థ ఉంది, 1956 నుంచి నడుస్తోంది. ఆ దుకాణం పేరు ఎంతమందికి చెప్పినా ఒక్క మనిషి మీద భారం పడదు. కూరగాయలకు 1999లో మొదలైన రైతు బజార్లు అలాంటివే. కందికి అంత గట్టి ఏర్పాటు కావాలి.

గౌతమీతీరం

పొయ్యిపక్కన అమ్మా, మీ మాట నన్ను బాగా కదిలించింది. హమాలీలు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లారన్నారు చూడండి, నేను భయపడేది సరిగ్గా దానికే. చిన్న హోటల్ ఎవరి ఆకలి కోసం పుట్టిందో వాళ్లకే చోటు లేకుండా పోతుంది.

పేరు చెప్పడం కన్నా వెతకడం నేర్పడం మేలని నా ఉద్దేశం. కొత్త ఊరిలో దిగితే లాడ్జిలో అడగవద్దు. బదిలీ మీద వచ్చి ఒంటరిగా ఉంటున్న బ్యాంకు ఉద్యోగినో, బడి మాస్టారునో అడగండి. వాళ్లు నెలకు ఇరవై రోజులు బయట తింటారు, కడుపు పాడైతే వాళ్లకే కష్టం. డిపో దగ్గర డ్రైవర్లను అడగండి. హోటల్‌కు వెళ్లాక పలక మీద సుద్దతో రాసిన కూరలు రోజూ మారుతున్నాయా చూడండి. పెరుగు గట్టిగా, కొంచెం పుల్లగా ఉంటే అక్కడే తోడు వేశారన్నమాట. అప్పడం నమిలితే నూనె ఎన్నిసార్లు కాచారో నాలుకకు తెలిసిపోతుంది. మూడు గంటలకు కూడా అన్ని కూరలూ ఉన్నాయంటే మాత్రం నాకు అనుమానమే.

పులస కావాలంటే వరద రోజుల్లో గోదావరి ఒడ్డుకే రావాలి, పడవ దిగిన చేపనే కొనాలి. జూన్ 14 వరకు తూర్పు తీరంలో మర పడవల వేటకు విరామం, ఆ తర్వాత వరద నీరు రావాలి. అంతకు ముందే ఎవరైనా పులస అంటే నమ్మవద్దు. దొరికితే మట్టి దాకలో, బెండకాయలూ చింతపండు పులుసూ వేసి, సన్నని సెగ మీద వండి మర్నాడు తినాలి. ఇంత చెబుతాను. పట్టేవాడి పేరు చెప్పను.

మిర్చియార్డు

మీరు చెప్పిన పద్ధతులన్నీ చక్కగా ఉన్నాయి, కానీ అవి తీరిక ఉన్నవారికి. మా ఊరి పెద్దాసుపత్రికి పల్నాడు నుంచి, ప్రకాశం నుంచి రోగులను తీసుకుని జనం వస్తారు. రోగి పక్కన కూర్చున్న తల్లి డిపోకు వెళ్లి డ్రైవర్లను అడగగలదా? కారం లేని చారన్నం, మెత్తని ఇడ్లీ, పొద్దునే గంజి ఎవరు ఇస్తారో ఆమెకు ఆ గంటలోనే తెలియాలి. ఆసుపత్రి ఎదురు వరుసలో ఉన్నవన్నీ మంచివి కావు. వెనక సందులో ఉన్న ఒక ఇంటావిడ గంజి కాచి ఇస్తుంది, ఆమె పేరు వార్డుల్లో నోటి మాటగా తిరుగుతుంది. ఆ మాట ఒక వార్డు నుంచి మరో వార్డుకు చేరకపోతే ఎవరికో ఆ రోజు తిండి లేదు. తెలిసీ చెప్పకపోవడాన్ని నేను ఒప్పుకోలేను, ఎన్ని కారణాలు చూపించినా సరే.

పొయ్యిపక్కన

ఇద్దరి మాటా విన్నాను. మా గురించి ఎవరైనా రాయాలనుకుంటే ఇలా రాయమని అమ్మతో మాట్లాడి చెబుతున్నాను.

పన్నెండుకు తెరుస్తారు, అన్నం ఉన్నంతవరకే. ధర మారుతుంది, వచ్చి బోర్డు చూడండి. చేపల పులుసుకు లెక్క వేరు, బుట్ట రాని రోజు పులుసు ఉండదు. పది మంది కన్నా ఎక్కువ వస్తే ముందురోజు చెప్పాలి. ఒంటిగంట నుంచి అరగంట సేపు గోడ పక్క బల్లలు మిల్లు హమాలీలవి, దయచేసి వాటి మీద కూర్చోవద్దు. వంటింట్లోకి రావద్దు. పార్సిల్ లేదు.

ఇన్ని షరతులు రాస్తే ఎవరు వస్తారని అన్నయ్య అంటున్నాడు. నాకు ఆ భయం లేదు. ఇవన్నీ చదివి కూడా వచ్చినవారు మా అన్నం తినడానికే వస్తారు.

గౌతమీతీరం

ఇలా రాస్తే నేను కూడా నలుగురికీ పంపుతాను. మీ బల్లల మాట మొదటి వరుసలో పెడతాను. చేపలు పట్టేవాడి విషయంలో నా మాట మారలేదు.