కుక్కకు ఐస్‌క్రీమ్, కోవా పెట్టొచ్చా?

ప్రశ్న: పది కిలోల కుక్క. పిల్లలు రోజూ ఐస్‌క్రీమ్, కోవా పెడుతున్నారు. ప్రమాదమా అండీ?

జవాబు 1: వెనిలా ఒక చెంచా నాకితే సాధారణంగా ఏమీ కాదండీ. రోజూ మాత్రం వద్దు. ఎదిగిన కుక్కల్లో చాలావాటికి పాలలోని లాక్టోజ్ అరగదు, నీళ్ల విరేచనాలవుతాయి. కోవాలో పాలు ఇగిరి కొవ్వు చిక్కబడుతుంది, దానివల్ల క్లోమం వాచొచ్చు. పదేపదే వాంతులు, వీపు గూనిలా వంచి నిలబడటం కనిపిస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.

జవాబు 2: ముందు డబ్బా వెనక చదవండి! షుగర్‌ఫ్రీలో చక్కెర బదులు వేసే జైలిటాల్ (డబ్బా మీద ఇ967 అని కూడా ఉంటుంది) ఉంటే చెంచా కూడా ప్రాణాంతకం కావచ్చు. అరగంటలోనే రక్తంలో చక్కెర పడిపోయి కుక్క తూలుతుంది, తర్వాత కాలేయం దెబ్బతినొచ్చు. చాక్లెట్, పాయసంలోని కిస్‌మిస్ కూడా విషమే. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఆగొద్దు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించొద్దు. డబ్బా పట్టుకుని వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి.

జవాబు 3: చల్లగా కావాలంటే చక్కెర వేయని పెరుగు ఒక చెంచా ఐస్ ట్రేలో గడ్డకట్టించండి. తోడుకున్నాక లాక్టోజ్ కొంత తగ్గుతుంది.