ఇంజిన్ గాలిని పీలుస్తుందా, గాలే లోపలికి తోసుకొస్తుందా?

ప్లెనం: గాలికి లాగడం రాదు, తోయడమే వచ్చు. పిస్టన్ కిందికి దిగితే సిలిండర్‌లో ప్రెషర్ పడిపోతుంది. బయటున్న 101 కిలోపాస్కల్స్ ఆ లోటులోకి గాలిని తోస్తాయి. "ఇంజిన్ పీలుస్తుంది" అనడమే తప్పు. కాదంటే కారణం చెప్పండి.

టైమింగ్‌చైన్: లెక్క ప్రకారం ఒప్పే. కానీ మెకానిక్కులంతా సక్షన్ అనే అంటారు, పనీ బాగానే చేస్తారు. మాట మారిస్తే రిపేరు మారుతుందా?

ప్లెనం: మారుతుందండీ. "వాక్యూమ్ పెరిగితే గాలి పెరుగుతుంది" అనే భ్రమ పుట్టింది ఆ మాటలోంచే. పెట్రోల్ ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతున్నప్పుడు, వాక్యూమ్ గేజ్ 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం లెక్కలో) చూపిస్తుంది, అప్పుడు లోపలికెళ్లే గాలి బహు తక్కువ. థ్రాటిల్, అంటే గాలి దారిలోని మూత, పూర్తిగా తెరవండి, ముల్లు సున్నా దగ్గరికి పడుతుంది, గాలి మాత్రం దండిగా వెళ్తుంది. పైగా మానిఫోల్డ్ (థ్రాటిల్ దాటాక సిలిండర్లకు గాలి పంచే భాగం) ప్రెషర్ బయటి ప్రెషర్‌లో దాదాపు 53 శాతం కంటే దిగితే థ్రాటిల్ సందులో గాలి ధ్వని వేగం అందుకుంటుంది. ఆపైన లోపల వాక్యూమ్ ఎంత పెంచినా ఆ సందులోంచి అదనంగా ఏమీ రాదు. పీల్చడమే నిజమైతే రావాలిగా?

గేజ్‌ముల్లు: దీనికి తోడు ఎత్తు సంగతి. 1000 అడుగులకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది. సముద్రమట్టంలో 18 చూపించే బండి 5000 అడుగుల దగ్గర 13 చూపిస్తే అది లీకు కాదు, బయటి ప్రెషరే తగ్గింది. ఇది తెలియక గ్యాస్కెట్లు విప్పేవాళ్లున్నారు. స్కానర్ ఉంటే ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ ఆన్ చేసి మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) రీడింగ్ చూడండి, అదే బయటి ప్రెషర్. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో అదే సెన్సర్ 30 నుంచి 40 కిలోపాస్కల్స్ చూపడం మామూలే.

రన్నర్: ప్లెనం గారూ, వాతావరణం తోపుడొక్కటే అయితే టర్బో లేని ఇంజిన్‌లో కూడా కొన్ని ఆర్పీఎంల దగ్గర సిలిండర్ నూరు శాతానికి మించి ఎలా నిండుతోంది? పిస్టన్ అడుగుకు చేరి తిరిగి పైకి లేస్తున్నా రన్నర్‌లోని (ఒక్కో సిలిండర్‌కు వెళ్లే ఇన్‌టేక్ గొట్టంలోని) గాలి ఊపు మీద దూరుతూనే ఉంటుంది. ఇన్‌టేక్ వాల్వ్ ఆలస్యంగా మూసేది అందుకే. ఓవర్‌ల్యాప్‌లోనైతే, అంటే ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు తెరిచి ఉన్నప్పుడు, ఎగ్జాస్ట్ పైపులోని ప్రెషర్ అలే సిలిండర్ ప్రెషర్‌ను తగ్గిస్తుంది, పిస్టన్ దిగకముందే గాలి కదులుతుంది.

ప్లెనం: ఊపు విషయం ఒప్పుకుంటున్నా, దాన్ని వదిలేయడం నాదే పొరపాటు. కానీ అందులో కూడా లాగుడు లేదు చూడండి, ఒకచోట ప్రెషర్ తగ్గింది, ఇంకోచోటిది తోసింది.

టైమింగ్‌చైన్: సరే, పనికొచ్చేది చెప్పండి. ఐడిల్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ను ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చూపే అంకె) ప్లస్ 20, 2500 ఆర్పీఎంలో ప్లస్ 3. ఏంటిది?

గేజ్‌ముల్లు: మాఫ్ సెన్సర్ (లోపలికెళ్లే గాలి ఎంతో కొలిచేది) ఉన్న బండి అయితే ముందు వాక్యూమ్ లీకునే అనుమానించాలి. సెన్సర్ దాటాక దూరిన గాలి లెక్కలోకి రాదు. ఐడిల్‌లో అసలు గాలే తక్కువ కాబట్టి చిన్న చిల్లు కూడా పెద్ద వాటా అవుతుంది. మ్యాప్ సెన్సర్ ఒక్కటే ఉన్న బండిలో ఈ గుర్తు అంత స్పష్టంగా ఉండదు, దొంగగాలి ప్రెషర్‌ను కూడా పెంచుతుంది, పెట్రోలూ పెరుగుతుంది, ఎక్కువగా ఐడిలే పైకి లేస్తుంది. వెతకడానికి పొగ పంపి లీకు చూపే స్మోక్ మెషిన్ మేలు. క్లీనర్ స్ప్రే కొట్టి ఆర్పీఎం మార్పు చూసే పద్ధతి వేడి ఎగ్జాస్ట్ పక్కన వద్దు, అంటుకుంటుంది. బ్రేక్ బూస్టర్ పైపు, పీసీవీ గొట్టం (ఇంజిన్ అడుగు భాగంలోని ఆవిరిని ఇన్‌టేక్‌కు పంపేది) ముందు చూడండి.