బండి సీటు కవర్ ఇంట్లోనే వేసుకున్నవాళ్ళు ఉన్నారా?

పటమట స్ప్లెండర్:
సీటు కవర్ ట్యాంకు దగ్గర చిరిగింది. వాన వెలిశాక బండెక్కి ఆఫీసుకెళ్తే ప్యాంటు వెనక ఇంత మచ్చ. షాపులో పాత కవర్ మీదే ఇంకోటి తొడిగి పంపారు, నెలకే జారిపోయింది. రెక్సిన్ కొని నేనే వేద్దామనుకుంటున్నా.

బ్రాడీపేట బుల్లోడు:
రెండుసార్లు వేశానన్నా. మొదటిది చెడగొట్టా. స్పాంజి ఆరకముందే బిగించేస్తే నాలుగు రోజులకే ముక్క వాసన. పైన పొడిగానే అనిపిస్తుంది, బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి, లోపల చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. రోజుల తరబడి ఎండలో మాత్రం పెట్టకండి, పసుపెక్కి పొడి రాలుతుంది.
పాత కవర్ చించొద్దు. స్క్రూడ్రైవర్‌తో పిన్నులు లేపి తీస్తే అదే మీకు కొలత. చుట్టూ రెండంగుళాలు ఎక్కువ ఉంచి కత్తిరించండి.

ఆటోనగర్ పక్కవీధి:
ఆఫీసు స్టేప్లర్ పనికిరాదు, స్టేపుల్ గన్ కావాలి. ప్లాస్టిక్ బేస్ అయితే 6 మి.మీ. పిన్నులు చాలు, పొడుగువి అవతలికి పొడుచుకొస్తాయి. ముందు ముక్కు దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి కొట్టి, ఆ తర్వాత ఎడమా కుడీ ఎదురెదురుగా లాగుతూ రావాలి. నవారు మంచం బిగించినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఒక పక్కంతా పూర్తిచేసి రెండో పక్కకి వెళ్తే ముడతలు ఖాయం. రెక్సిన్‌ని ముందు పది నిమిషాలు ఎండలో పరిస్తే సాగుతుంది. హెయిర్ డ్రయ్యర్ ఎందుకండీ, బెజవాడలో ఉండి!

గుంటూరు స్కూటీ అక్క:
స్పాంజి మీద పల్చటి పాలిథిన్ షీటు పరిచి, ఆపైన రెక్సిన్ వేయి తమ్ముడూ. నీళ్ళు కుట్టు రంధ్రాల్లోంచే దిగుతాయి. మందం షీటు వేస్తే కూర్చున్నప్పుడల్లా కరకరమంటుంది, నా బండి ఇప్పటికీ అంటోంది. పల్లం పడ్డచోట స్పాంజిని హాక్సా బ్లేడుతో కోసి కొత్త ముక్క అతికించా. రబ్బరు గమ్ము రెండువైపులా రాసి, తడి పోయి, వేలికి అంటకుండా కాస్త జిగటగా మాత్రమే తగిలేదాకా ఆగాలి.

పల్సర్ పాతకాపు:
మెట్టు సీటుకి ఒకే ముక్క రెక్సిన్ కుదరదు, ఒంపు దగ్గర ముడత పడుతుంది. పాత కవర్ ఆటోనగర్ తీసుకెళ్ళి కొత్తది కుట్టించుకుని ఇంట్లో బిగించుకోండి. నేనైతే కుట్టు జోలికి పోను.

పటమట స్ప్లెండర్:
అందరికీ థ్యాంక్స్. ఇవాళ విప్పా. పిండితే చెంబెడు నీళ్ళు, అందులో చచ్చిన చీమలు. హాల్లో ఫ్యాన్ కింద నిలబెట్టా, మా ఆవిడ వచ్చీపోతూ ముక్కు మూసుకుంటోంది. ఆరేదాకా ఆఫీసుకి బస్సే.