అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా: జన్యు నివేదికల కోసం ఆగవచ్చా, వెంటనే కీమో మొదలుపెట్టాలా?

వసుంధర:
మా తమ్ముడికి 38 ఏళ్లు. ఎముక మజ్జ పరీక్షలో అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్త క్యాన్సర్ అని తేలింది. జన్యు పరీక్షల నివేదికలు వచ్చేదాకా, అంటే దాదాపు వారం రోజులు, కీమో మొదలుపెట్టబోమని వైద్యులు అంటున్నారు. ఇంత వేగంగా ముదిరే జబ్బులో ఆగడం సబబేనా?

శ్రీధర్:
ఆగకూడదనే నా అభిప్రాయం. 60 ఏళ్ల లోపువారిలో చికిత్స 5 రోజులు దాటి ఆలస్యమైతే ఫలితాలు దెబ్బతిన్నాయని 2009లో వెలువడిన ఒక అధ్యయనం చెప్పింది. 7 రోజులు సైటరబీన్, 3 రోజులు డానోరూబిసిన్ అనే కీమో మందులు ఇచ్చే 7+3 పద్ధతి 1970ల నుంచీ ఉన్నదే. ఏ ఉపరకమైనా మొదట ఇచ్చేది అదే కదా!

హేమలత (పాథాలజిస్టు):
శ్రీధర్ గారూ, ఆ చివరి మాట ఇప్పుడు పూర్తిగా నిజం కాదు. 1976 నాటి ఎఫ్ఏబీ (ఫ్రెంచ్-అమెరికన్-బ్రిటిష్) వర్గీకరణ సూక్ష్మదర్శినిలో కణాల రూపాన్ని బట్టి ఎం1, ఎం2 అని పేర్లు పెట్టింది. ఇప్పుడు ఉపరకాన్ని ప్రధానంగా నిర్ణయించేది జన్యుమార్పు. 8, 21 క్రోమోజోముల మధ్య ముక్కలు మారిన రకానికి మొదటి విడతలోనే జెమ్టుజుమాబ్ అనే మందు చేర్చవచ్చు; ఎండీఎస్ (మజ్జలో రక్తకణాలు సరిగా తయారుకాని జబ్బు) నుంచి ముదిరిన రకానికి సాధారణ 7+3 బదులు ఆ రెండు మందులనే లైపోసోముల్లో (సూక్ష్మమైన కొవ్వు బుడగల్లో) కూర్చిన సీపీఎక్స్-351 ఇవ్వవచ్చు. ఇవి మొదటి రోజే తేల్చుకోవలసిన విషయాలు. పైగా 2020లో ప్రచురితమైన జర్మన్ రిజిస్ట్రీ అధ్యయనంలో, 2,263 మంది రోగుల వివరాలను పరిశీలించినప్పుడు, చికిత్సకు ముందు గడిచిన రోజులకూ బతికే అవకాశానికీ సంబంధం కనిపించలేదు.

శ్రీధర్:
ఎఫ్ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు ఉంటే ఇచ్చే మిడోస్టారిన్‌ను 8వ రోజున గదా మొదలుపెడతారు? దాని కోసమైతే ఆగనక్కరలేదు. పైగా రిజిస్ట్రీలో ఆగినవారు ఆగగలిగినంత నిలకడగా ఉన్నవారే అయి ఉండవచ్చు.

హేమలత:
రెండూ న్యాయమైన అభ్యంతరాలే. అందుకే ఎవరు ఆగకూడదో స్పష్టంగా చెబుతాను. ఎం3, అంటే ప్రోమైలోసైటిక్ రకమని అనుమానం కలిగినా చాలు, రక్తస్రావం ప్రాణం తీయగలదు గనుక నిర్ధారణకు ముందే ఆట్రా (విటమిన్ ఎ సంబంధిత మందు) మాత్రలు మొదలుపెట్టాలి. తెల్లకణాలు మైక్రోలీటరు రక్తంలో లక్ష దాటినవారి విషయంలోనూ జాప్యం పనికిరాదు. మిగిలినవారి విషయంలో, 2022 యూరోపియన్ ల్యుకేమియానెట్ సిఫారసుల ప్రకారం ఎఫ్ఎల్‌టీ3, ఎన్‌పీఎం1 జన్యువుల ఫలితాలు 3 నుంచి 5 రోజుల్లో, క్రోమోజోముల నివేదిక 5 నుంచి 7 రోజుల్లో రావాలి. వసుంధర గారూ, మీ తమ్ముడి తెల్లకణాల సంఖ్య ఎంత?

వసుంధర:
14 వేలు. జ్వరం లేదు. ఎం3 కాదని పీఎంఎల్-ఆర్ఏఆర్ఏ పరీక్షలో తేలిందట. ఎఫ్ఎల్‌టీ3 ఫలితం ఏ రోజుకు వస్తుందో, ఈలోగా కణాలు పెరిగితే ఏం చేస్తారో రేపు ఉదయం అడుగుతాను.