గేరు టైట్‌గా పడుతోందంటే క్లచ్ సెట్ మార్చాల్సిందేనా?

నీలి_హ్యాచ్‌బ్యాక్:
పెట్రోల్ కారు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. క్లచ్ హైడ్రాలిక్, అంటే కేబుల్‌తో కాకుండా ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది. పొద్దున పర్లేదు, ట్రాఫిక్‌లో కాసేపు నడిచాక మాత్రం ఒకటో గేరు, రివర్స్ ఓ పట్టాన పడవు. రివర్స్ అయితే కర్ర్‌మంటుంది. ఇంజిన్ ఆపి వేస్తే అన్నీ హాయిగా పడతాయి. షెడ్డులో పెడల్ తొక్కి చూసి "క్లచ్ సెట్ (ప్లేట్, ప్రెషర్ ప్లేట్, బేరింగ్) అయిపోయింది, గేర్ బాక్స్ దించాలి" అనేశారు. మా బావ కూడా 80 వేలు దాటింది కదా, ఎలాగూ మార్చాల్సిందే అంటున్నాడు. డబ్బు పెట్టేముందు తేల్చుకునే మార్గం ఉందా?

బెజవాడ_స్పానర్:
ఇంజిన్ ఆపితే హాయిగా పడుతున్నాయన్నారు కదా, అక్కడే సగం తేలిపోయింది. గేర్ రాడ్, కేబుళ్లు, బుష్‌లలో తేడా ఉంటే ఇంజిన్ ఆపినా టైట్‌గానే ఉండాలి. మీది క్లచ్ వైపు సమస్య.

అంతమాత్రాన ప్లేట్ అరిగిందని కాదు. ప్లేట్ అరిగితే పట్టు పోతుంది: యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం వేగం అందుకోదు. మీది దానికి పూర్తిగా రివర్సు. పెడల్ చివరిదాకా తొక్కినా క్లచ్ ఇంజిన్‌ను వదలడం లేదు. ఆటోనగర్‌లో కూడా చాలామంది ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు.

ముందు పెడల్ కింద మ్యాట్ తీసేయండి. నవ్వకండి, ఇప్పుడొస్తున్న మందపాటి మ్యాట్లు పెడల్‌ని చివరిదాకా వెళ్లనివ్వవు. తర్వాత బండి న్యూట్రల్‌లో ఆన్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చాలా కార్లలో రివర్స్‌కి సింక్రో (గేరు పడేముందు వేగాలు కలిపే రింగు) ఉండదు కాబట్టి తొందరపడితే మంచి బండి కూడా అరుస్తుంది. ఆగి వేసినా అరిస్తే గేర్ బాక్స్ లోపల షాఫ్ట్ ఇంకా తిరుగుతోందన్నమాట. అప్పుడు పెడల్‌ని గబగబా రెండు మూడుసార్లు పంపు కొట్టి వేయండి. పడిందంటే క్లచ్ ఫ్లూయిడ్ లైన్‌లో గాలి చేరింది, లేదా సిలిండర్ సీళ్లు పోయాయి. వేడెక్కాకే మొదలవుతోందన్నారు కాబట్టి నా అనుమానం అక్కడే.

ఘాట్_డ్రైవర్:
స్పానర్ గారూ, లెక్క బాగానే ఉంది కానీ జేబు సంగతి కూడా చూడాలి. నేను తిరుమల ఘాట్‌లో బండ్లు తిప్పేవాణ్ని. హాఫ్ క్లచ్ మీద నడిచే బండికి 80 వేలంటే ప్లేట్ చివరిదశ. నా బండికి ఒకసారి రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేట్‌ని నొక్కేది) ఒక్కటే మార్చారు. కొన్నాళ్లకే ప్లేట్ పోయింది, గేర్ బాక్స్ మళ్లీ దించాం. లేబర్ రెండుసార్లు ఎవరిస్తారు? ఒకసారి దించాక ప్లేట్, ప్రెషర్ ప్లేట్, బేరింగ్ మూడూ మార్చడమే మేలు.

బెజవాడ_స్పానర్:
దించితే మూడూ మార్చాలి, అందులో తేడా లేదు. అసలు దించాలా అన్నదే ప్రశ్న. చాలా బండ్లలో స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడిని ఫ్లూయిడ్ ద్వారా అందుకుని క్లచ్‌ని విడదీసేది) గేర్ బాక్స్ బయటే రెండు బోల్టుల మీద ఉంటుంది. దాన్ని మార్చడానికి గేర్ బాక్స్ ముట్టుకోనక్కర్లేదు. కొన్ని మోడళ్లలో మాత్రం షాఫ్ట్ చుట్టూ లోపలే ఉంటుంది. అలాంటి బండైతే ఘాట్ గారి మాటే నా మాట.

రెండోగేరు_బాధితుడు:
గేర్ ఆయిల్ ఎవరూ ఎత్తలేదేం? నా బండికి షెడ్డులో జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోశారు. అప్పటినుంచి రెండో గేరు ఒక్కటే గరగర.

బెజవాడ_స్పానర్:
మీది వేరే కథ తమ్ముడూ. ఒక్క గేరే అరుస్తోందంటే ఆ గేరు సింక్రో రింగ్‌ని అనుమానించాలి. క్లచ్ వదలకపోతే ముందు రివర్స్, ఒకటో గేరు మొరాయిస్తాయి, తర్వాత అన్నీ. జీఎల్-5లో కొన్ని రకాలు ఇత్తడి రింగులకు పడవు. మాన్యువల్‌లో జీఎల్-4 అని ఉంటే అదే పోయించండి. కానీ అరిగిన రింగు ఆయిల్‌తో బాగుపడదు. న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి రెండో గేరు వేసి చూడండి. అప్పుడు గరగర తగ్గితే రింగు మీదే అనుమానం బలపడుతుంది.

నీలి_హ్యాచ్‌బ్యాక్:
చూశాను. మ్యాట్ తీస్తే తేడా లేదు. పంపు కొడితే మాత్రం ఒకటో గేరు ఠక్కున పడింది. డబ్బాలో ఫ్లూయిడ్ కనీస గీత కంటే కిందుంది, నల్లగా ఉంది. గేర్ బాక్స్ పక్కన చిన్న సిలిండర్ రబ్బరు బూటు ఎత్తితే లోపల తడి. షెడ్డులో ఫొటో చూపిస్తే "అది మామూలే, సెట్ వేసేద్దాం" అన్నారు.

బెజవాడ_స్పానర్:
బూటు లోపల తడి మామూలు కాదు. సిలిండర్ లీకవుతోంది. చాలా కార్లలో బ్రేకుకీ క్లచ్‌కీ ఒకటే డబ్బా, అందుకే పైపైన నింపి తిప్పకండి. మూత మీద ఫ్లూయిడ్ రకం డాట్ 3 ఉందో డాట్ 4 ఉందో చూసి అదే కొత్తది పోయించి, గాలి పూర్తిగా తీయించండి. సిలిండర్ లోపల గీతలు లేకపోతే సీల్ కిట్ చాలు.

ఘాట్_డ్రైవర్:
లీకు కంటికి కనపడుతోంది కాబట్టి సెట్ వద్దనే అంటాను. సీల్ కిట్‌కి మాత్రం ఒప్పుకోను, సిలిండరే కొత్తది వేయించండి. ఆ పని అయ్యాక ఖాళీ ఎత్తు రోడ్డు మీద, నాలుగో గేరులో, ఇంజిన్ మరీ మూలగని వేగంలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి చూడండి. ఇంజిన్ వేగం చూపే ముల్లు ఎగిరి, బండి వేగం అక్కడే ఉంటే ప్లేట్ కూడా పోయినట్టే. ఫలితం ఇక్కడే చెప్పండి, అప్పుడు మళ్లీ వాదించుకుందాం.